పరిచయం, సిఫార్సు, పూచీ: బిజినెస్ నెట్‌వర్కింగ్‌లో ఏది ఎక్కడ దొరుకుతుంది?

నా బల్ల సొరుగులో రబ్బరు బ్యాండు చుట్టిన విజిటింగ్ కార్డుల కట్ట ఒకటుంది. ఏళ్ల తరబడి వ్యాపార సమావేశాల్లో పోగుపడినవి. ఈమధ్య కట్ట విప్పి ఒక్కొక్కటే తిరగేస్తే, సగానికి పైగా కార్డుల మీది పేర్లకు ముఖాలు గుర్తు రాలేదు. ఒక్కటి మాత్రం చూడగానే తెలిసిపోయింది. దాని వెనక నా చేతిరాతతో "మెట్ల దగ్గర. లేబుళ్లు తడిస్తే రంగు కారుతోందట" అని ఉంది. ఆయన హోదా ఏమిటో ఇప్పటికీ చెప్పలేను గానీ, ఆ రంగు కారడం గురించి ఆయన పడిన విసుగు మాత్రం నిన్న విన్నట్టే ఉంది.

ఈ కట్టను ఎవరికైనా చూపిస్తే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "అందుకే నేను ఈ మీటింగులకు పోను, చేతిలో లింక్డిన్ లాంటి యాప్ ఉండగా ఇదంతా ఎందుకు" అంటారు కొందరు. "ఆన్‌లైన్‌లో ఐదు వేల మంది ఉన్నా, ఎదురుగా కూర్చుని మాట్లాడిన ఐదుగురికి సాటి రారు" అంటారు ఇంకొందరు. ఇద్దరూ సొంత అనుభవం మీదే మాట్లాడుతున్నారు, ఇద్దరి మాటా నిజమే. కాకపోతే ఇద్దరూ మాట్లాడుతున్నది ఒకే పని గురించి కాదు.

## ఒకే మాట కింద మూడు పనులు

నెట్‌వర్కింగ్ అన్నప్పుడు మూడు పనుల్ని కలిపేస్తాం. మొదటిది సమాచారం. ఎవరికి ఏం కావాలి, ఎక్కడ ఏ అవకాశం ఉంది, ఏ పనికి ఎవరు పనికొస్తారు అన్న కబురు. రెండోది పరిచయం చేయడం. "మీరిద్దరూ ఒకసారి మాట్లాడుకోండి" అని ఇద్దరిని కలిపి పక్కకు తప్పుకోవడం. మూడోది పూచీ. "ఈయన పని బాగా చేస్తారు, కావాలంటే నన్ను అడగండి" అని తన పేరు అడ్డం పెట్టడం.

బయటికి మూడూ ఒకే ఫోన్ కాల్‌లా కనిపిస్తాయి, ఖరీదులో మాత్రం చాలా తేడా. కబురు చెప్పినవాళ్లకు పోయేదేమీ లేదు. పరిచయం చేస్తే కాస్త సమయం, కాస్త మొహమాటం ఖర్చవుతాయి. పూచీ పడ్డాక పని చెడిందంటే, చేసినవాళ్లతో పాటు చెప్పినవాళ్ల మాటకూ విలువ తగ్గుతుంది.

తెలుగులో పరపతి అనే మాటకు రెండు అర్థాలున్నాయి. పలుకుబడి ఒకటి, అప్పు ఇంకొకటి. పరపతి సంఘం అంటే అప్పులిచ్చే సంఘమే కదా. వ్యాపార పరిచయాల లోగుట్టంతా ఈ జంట అర్థంలో ఇమిడి ఉందని నాకనిపిస్తుంది. ఎవరైనా మనల్ని సిఫార్సు చేశారంటే, తమ పలుకుబడిని మనకు అప్పు ఇచ్చినట్టే. చిన్న అప్పు ముఖం తెలిసినవాళ్లు కూడా ఇస్తారు. పెద్ద అప్పు కావాలంటే మన చరిత్ర తెలిసినవాళ్ల దగ్గరికే వెళ్లాలి. సమావేశం మేలా, యాప్ మేలా అన్న తగవు ఎప్పటికీ తెగకపోవడానికి కారణం, ఎంత అప్పు గురించి మాట్లాడుతున్నామో ముందు తేల్చుకోకపోవడమే.

## ముఖపరిచయం ఎందుకు పనికొస్తుంది

ఈ విషయంలో అందరూ ఎత్తిచూపే పరిశోధన 1973 నాటిది. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్, బోస్టన్ శివారులోని న్యూటన్‌లో ఉద్యోగం మారిన వృత్తి నిపుణులను ప్రశ్నించారు. తెలిసినవాళ్ల ద్వారా పని దొరికిందన్నవాళ్లను, ఆ మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవారని అడిగారు. తరచుగా అన్నవాళ్లు 16.7 శాతమే. అప్పుడప్పుడు అన్నవాళ్లు 55.6 శాతం, ఎప్పుడో అరుదుగా అన్నవాళ్లు 27.8 శాతం. అంటే ప్రాణస్నేహితుల కన్నా ముఖపరిచయస్తులే ఎక్కువ అక్కరకొచ్చారు. ఆయన దీనికి పెట్టిన పేరును మన మాటలో "పలచని బంధాల బలం" అనుకోవచ్చు.

ఇందులో వింతేమీ లేదు. రోజూ కలిసేవాళ్లం ఒకే చోట తిరుగుతాం, ఒకే కబుర్లు వింటాం. నాకు తెలియనిది నా పక్క కుర్చీలో మనిషికీ తెలియదు. ఏడాదికోసారి కలిసే మనిషి వేరే గుంపులో తిరుగుతుంటాడు, అక్కడి సంగతులు మన దాకా తెచ్చేది అతనే. అయితే ఆ శాతాలు లెక్కగట్టింది 54 మంది జవాబుల మీద. సిద్ధాంతం నిలబడింది తర్వాత వచ్చిన పరిశోధనల వల్లనే గానీ, ఆ ఒక్క పట్టిక బలం వల్ల కాదు.

రొనాల్డ్ బర్ట్ అనే మరో సామాజిక శాస్త్రవేత్త ఇదే ఆలోచనను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లారు. మనకు ఎంతమంది తెలుసన్నది ఆయనకు పెద్ద విషయం కాదు. ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు గుంపుల మధ్య ఖాళీలో మనం నిలబడి ఉన్నామా లేదా అన్నది ముఖ్యం. 2004లో అచ్చయిన అధ్యయనంలో ఆయన ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ కంపెనీ సరఫరా విభాగంలోని 673 మంది మేనేజర్లను పరిశీలించారు. సొంత జట్టు దాటి వేరే జట్లతో మాట్లాడేవాళ్ల ఆలోచనలకే పైఅధికారులు ఎక్కువ మార్కులు వేశారు. వాళ్లు మిగతావాళ్లకన్నా తెలివైనవాళ్లని చెప్పనక్కర్లేదు. ఒక చోట అందరికీ తెలిసిన మామూలు విషయాన్ని, అది తెలియని చోటికి మోసుకెళ్లేవారు, అంతే.

## పూచీ కావాల్సి వస్తే లెక్క మారుతుంది

ఇక్కడిదాకా చదివితే ముఖపరిచయాలు వీలైనన్ని పెంచుకుంటే చాలుననిపిస్తుంది. 1997లో యాంజియే బియాన్ అనే సామాజిక శాస్త్రవేత్త దీనికి గట్టి అడ్డుకట్ట వేశారు. చైనాలోని త్యాన్‌జిన్ నగరంలో 1988లో జరిగిన సర్వే ఆయనకు ఆధారం. అప్పట్లో అక్కడ ఉద్యోగాలు ప్రభుత్వమే కేటాయించేది. ఎవరైనా అధికారి ఒకరికి సాయం చేయాలంటే నిబంధనల అంచున నడవాల్సి వచ్చేది. అలాంటి చోట పలచని బంధాలు పనిచేయలేదు. అధికారికీ ఉద్యోగం కోరే వ్యక్తికీ నేరుగా పరిచయం లేని సందర్భాల్లో, ఇద్దరికీ బాగా దగ్గరైన మూడో మనిషి మధ్యలో నిలబడేవాడు.

గ్రానొవెటర్ తప్పా, బియాన్ తప్పా అని చర్చ పెట్టుకోవచ్చు గానీ అనవసరం. న్యూటన్‌లో చేతులు మారింది కబురు. త్యాన్‌జిన్‌లో చేతులు మారింది పూచీ. కబురుకు ముఖపరిచయం చాలు, పూచీకి చాలదు.

2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద ప్రయోగం కూడా ఇంచుమించు ఇక్కడికే చేరింది. లింక్డిన్‌లో "మీకు తెలిసి ఉండవచ్చు" అని పేర్లు చూపించే భాగం ఉంటుంది. 2015 నుంచి 2019 దాకా ఆ భాగాన్ని కొందరికి ఒకలా, కొందరికి ఇంకోలా మార్చి చూపించారు. 2 కోట్లకు పైగా జనం, దాదాపు 200 కోట్ల కొత్త కనెక్షన్లు, 6 లక్షల కొత్త ఉద్యోగాలు ఈ లెక్కలోకి వచ్చాయి. తేలిందేమిటంటే, ఉద్యోగం మారడానికి మరీ దగ్గరి బంధాలూ అంతగా ఉపయోగపడలేదు, మరీ పోచలాంటి బంధాలూ ఉపయోగపడలేదు. కొద్దిమంది ఉమ్మడి పరిచయస్తులున్న మధ్యరకం బంధాలు అన్నిటికన్నా ఎక్కువ పనిచేశాయి. డిజిటల్ పనులు ఎక్కువగా ఉన్న రంగాల్లో పలచని బంధాల ప్రభావం ఎక్కువ. అవి తక్కువగా ఉన్న రంగాల్లో దగ్గరి బంధాలదే పైచేయి. ఉమ్మడి పరిచయస్తులు కొందరైనా ఉంటే "ఈయన ఎలాంటివారు" అని ఒకమాట అడిగి తెలుసుకునే వీలుంటుంది. మధ్యరకం బంధాలు గెలవడానికి అదీ ఒక కారణం కావచ్చునని నా ఊహ.

## గదిలోకి అడుగు పెట్టాక జరిగేది

స్థానిక సమావేశాలన్నీ ఒక జాతివి కావు. ఎవరైనా వచ్చి నలుగురితో కలిసి మాట్లాడుకునే మిక్సర్లు ఉంటాయి. ఉపన్యాసం కోసం పిలిచి, చివర్లో కాసేపు మాట్లాడుకోనిచ్చేవి ఉంటాయి. వాణిజ్య మండళ్ల సమావేశాలది పాత వంశం, ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో 1599లోనే ఒకటి మొదలైంది. ఒకే రంగంవాళ్లు కలిసేవి, సభ్యత్వం కట్టినవాళ్లనే లోపలికి రానిచ్చేవి వేరు. నెట్‌వర్కింగ్ పేరుతో పిలిచి, గొలుసుకట్టు అమ్మకాల పథకంలోకి లాగేవి కూడా ఉన్నాయనుకోండి, వాటి సంగతి ఇక్కడ వదిలేద్దాం.

మిక్సర్‌కు వెళ్లేవాళ్లంతా కొత్తవాళ్లను కలవాలనే వెళతామంటారు. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ ఇన్‌గ్రమ్, మైకేల్ మోరిస్ అనే పరిశోధకులు ఈ మాటను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. మిక్సర్‌కు వచ్చిన వ్యాపార నిపుణులకు ఎలక్ట్రానిక్ బ్యాడ్జీలు తగిలించి, ఎవరు ఎవరితో ఎదురుపడి మాట్లాడుతున్నారో నమోదు చేశారు. కొత్త పరిచయాలే తమ లక్ష్యమని ముందు గట్టిగా చెప్పినవాళ్లు, తీరా లోపలికొచ్చాక అప్పటికే తెలిసిన మిత్రుల దగ్గరికే ఎక్కువగా చేరారు. అదే అధ్యయనంలో ఊరటనిచ్చే సంగతీ ఉంది. తమలాంటివాళ్ల కోసమే వెతుక్కుంటారనుకుంటాం గానీ, మొత్తం మీద అలా జరగలేదు. జాతి, లింగం, చదువు, ఉద్యోగం వేరైనవాళ్లతో కూడా జనం మాట్లాడారు.

లెక్క వేసి చూస్తే మిక్సర్ ఎంత ఇరుకైందో తెలుస్తుంది. ఒక గదిలో 40 మంది, చేతిలో రెండు గంటలు ఉన్నాయనుకుందాం. మొదటి పావుగంట వచ్చి కుదురుకోవడానికి, చివరి పావుగంట వెళ్లిపోయే హడావుడికి పోతాయి. మిగిలింది 90 నిమిషాలు. ఒక సంభాషణ పేర్లు, పనులు దాటి అసలు విషయానికి రావడానికి పది నిమిషాలైనా పడుతుంది. అంటే మహా అయితే తొమ్మిది మంది. అందులో మూడు సంభాషణలు పాత మిత్రులకు పోతే మిగిలేది ఆరుగురు. ఎదురుగా నిలబడి ఉన్న 39 మందిలో ఆరుగురు! గదిలో గిరగిర తిరిగి 30 కార్డులు పోగేసుకున్నవాళ్లకు ఒక్కొక్కరితో దక్కింది మూడు నిమిషాలు. నా సొరుగులోని కట్ట సరిగ్గా అలా తయారైందే.

మరి గదికి వెళ్లడం దేనికి? ప్రొఫైల్‌లో ఎవరూ రాయని విషయం గదిలో తెలుస్తుంది. మెట్ల దగ్గర నాతో మాట్లాడిన ఆయన తన ప్రొఫైల్‌లో "మా లేబుళ్లు తడిస్తే పాడవుతున్నాయి" అని రాసుకోరు. ఏ వ్యాపారీ తన లోపాన్ని పదిమంది చూసేచోట పెట్టడు. పక్కన నిలబడ్డ అపరిచితుడితో, విసుగులో ఉన్నప్పుడు, నోరు జారినట్టుగా చెబుతాడు. ఎవరికి ఏం తక్కువైందన్న కబురు అందరికన్నా ముందు దొరికేది ఇలాంటి మాటల్లోనే. ఇంకొకటి, మనిషి వినే తీరు, మాట తప్పించే తీరు, తెలియనిది తెలియదని ఒప్పుకునే తీరు తెర మీద కనబడవు.

## ఒక వృత్తికి ఒక్కరే: రెఫరల్ క్లబ్బుల లెక్క

మిక్సర్‌లో దొరకనిది పదేపదే కలవడం. ఆ లోటు పూడ్చడానికి పుట్టినవే రెఫరల్ క్లబ్బులు, అంటే సభ్యులు ఒకరినొకరు సిఫార్సు చేసుకునే సంఘాలు. దీని పాత రూపం రోటరీలో కనిపిస్తుంది. 1905 ఫిబ్రవరిలో షికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మరో ముగ్గురితో కలిసి దాన్ని మొదలుపెట్టారు. ఒక్కోసారి ఒక్కొక్కరి ఆఫీసులో వంతులవారీగా కలిసేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది. తొలి రోజుల్లో ఒక్కో వృత్తి నుంచి ఒక్కరినే చేర్చుకునేవారు, ఒకరికొకరు వ్యాపారం ఇచ్చిపుచ్చుకునేవారు. తర్వాత రోటరీ సేవ వైపు మళ్లింది. పాత సూత్రాన్ని వేరే సంస్థలు అందుకున్నాయి. వాటిలో బాగా తెలిసినది 1985లో ఐవన్ మైస్నర్ కాలిఫోర్నియాలో స్థాపించిన బీఎన్ఐ (బిజినెస్ నెట్‌వర్క్ ఇంటర్నేషనల్). ప్రతి వారం సమావేశం, ఒక చాప్టర్‌లో, అంటే స్థానిక శాఖలో, ఒక వృత్తికి ఒక్కరే సభ్యులు, ఎవరు ఎవరికి ఎన్ని రెఫరల్స్ ఇచ్చారో నమోదు. ఇదీ పద్ధతి.

ఈ పద్ధతిని పొగిడేవాళ్లు చెప్పేది సబబుగానే ఉంటుంది. 30 మంది సభ్యులున్న గుంపులో 435 జతలు ఏర్పడతాయి. ప్రతి వారం కలుస్తుంటే ఆరు నెలల్లో ప్రతి ఒక్కరి పని మీదా మిగతా 29 మందికి ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. మనం గదిలో లేనప్పుడు కూడా మన తరఫున మాట్లాడే 29 మంది తయారవుతారు. ఒక్కొక్కరికి 150 మంది తెలిసి ఉంటే, కాగితం మీద 4,350 మంది దాకా మన పేరు చేరగలదు. పైగా అదే వృత్తిలో పోటీదారు ఆ గదిలో ఉండరు.

తప్పుబట్టేవాళ్ల మాటల్లోనూ పస ఉంది. ఆ 4,350లో ఎంతమంది ఒకరికొకరు ముందే తెలిసినవాళ్లో ఎవరూ లెక్కించరు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ 30 మందీ దగ్గరివాళ్లైపోతారు, గ్రానొవెటర్ చెప్పిన కొత్త కబురు రావడం తగ్గిపోతుంది. అందరికన్నా ఇబ్బందికరమైనది రెఫరల్స్ లెక్కబెట్టడం. ఈ వారం ఒక్కటైనా ఇవ్వాలి కదా అన్న ఒత్తిడిలో ఇచ్చిన సిఫార్సుకూ, మనసారా పడిన పూచీకీ తేడా పుచ్చుకునేవాళ్లకు వెంటనే తెలియదు. తెలిసేసరికి ఇచ్చినవాళ్ల మాట పలచబడి ఉంటుంది.

వృత్తిని బట్టి కూడా ఫలితం మారుతుంది. ఇళ్లకు రంగులు వేసే కాంట్రాక్టరు, బీమా ఏజెంటు, అకౌంటెంటు లాంటివాళ్ల సేవలు దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు అవసరమే, అందువల్ల ఆ 29 మందికీ వాళ్ల పేరు చెప్పే సందర్భం వస్తుంది. పరిశ్రమలకు ప్రత్యేకమైన వాల్వులు తయారుచేసే మనిషికి ఏడాదంతా వెళ్లినా ఒక్క సందర్భం రాకపోవచ్చు. ఆయనకు తన రంగంవాళ్లు కలిసే వాణిజ్య ప్రదర్శన ఒక్కటి చాలు.

## ఫోన్‌లో ఉన్నది చిరునామా పుస్తకమా, సంతా?

పరిచయాలను కంప్యూటర్ మీద పటంలా గీయవచ్చన్న ఆలోచన లింక్డిన్ కన్నా ముందే ఉంది. 1997లో వచ్చిన సిక్స్‌డిగ్రీస్ అనే సైట్ ఆ ప్రయత్నం చేసి కొన్నేళ్లకే మూతబడింది. లింక్డిన్ 2003 మే నెలలో మొదలైంది. 2016లో మైక్రోసాఫ్ట్ దాన్ని 2,620 కోట్ల డాలర్లకు కొన్నది. మనమంతా ఉచితంగా నింపిపెట్టిన పరిచయాల పటానికి ఉన్న విలువ ఆ అంకెలో కొంత కనిపిస్తుంది.

ఆ పటంలో మనకు నేరుగా తెలిసినవాళ్లు మొదటి వరస, వాళ్లకు తెలిసినవాళ్లు రెండో వరస, ఆపైన మూడో వరస. మనకు 300 మంది, వాళ్లలో ప్రతి ఒక్కరికీ 300 మంది ఉంటే రెండో వరస 90,000 అవుతుంది. ఉమ్మడి పేర్లు తీసేస్తే ఇందులో చాలా భాగం కరిగిపోతుంది, అయినా మిగిలేది చిన్న సంఖ్య కాదు. సాధనం తాలూకు అసలు గొప్ప ఇదే. ఫలానా కంపెనీలో పనిచేసే మనిషికీ నాకూ మధ్య ఎవరున్నారో ఇంతకుముందు నలుగురిని అడిగి తెలుసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు పేరు కొడితే తెలుస్తుంది. మధ్యలో ఉన్న ఆ మనిషి మన కోసం నోరు తెరుస్తాడా లేదా అన్నది మాత్రం పటంలో ఉండదు. "ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట తావు లేదు" అన్న సామెత లింక్డిన్ కోసం పుట్టకపోయినా, అక్కడ 30,000 కనెక్షన్ల పరిమితి దాకా వెళ్లినవాళ్లలో కొందరికి అతికినట్టు సరిపోతుంది.

ఈ చిరునామా పుస్తకానికి తగిలించిన సంత ఒకటుంది. అదే ఫీడ్, అంటే యాప్ తెరవగానే వరసగా కనిపించే పోస్టులు. అక్కడ ఎవరి మాట ఎవరికి వినబడాలో నిర్ణయించేది సంస్థ పెట్టిన వరుసక్రమం. రాసినవాటికి స్పందన వస్తే ఇంకా కొందరికి చూపిస్తుంది, రాకపోతే పక్కన పెడుతుంది. దీనివల్ల వ్యాపారం చేసేవాళ్లు క్రమంగా తమ ఖాతాదారులకు పనికొచ్చే మాటలు మానేసి, తోటి రచయితలు చప్పట్లు కొట్టే మాటలు రాయడం మొదలుపెడతారు. లైకులు ఇచ్చేవాళ్లు ఒకరు, ఆర్డర్లు ఇచ్చేవాళ్లు ఇంకొకరు. ఫీడ్ వృథా అనేవాళ్ల వాదన ఇది. అనుకూలంగా మాట్లాడేవాళ్లు ఇంకోటి అంటారు. పదేపదే కనబడిన పేరు గుర్తుండిపోతుంది, అవసరం పడిన రోజున తట్టే మొదటి పేరు అదే అవుతుంది. రెండూ జరుగుతాయి. ఎవరి ఖాతాదారులు అసలు ఆ ఫీడ్ చూస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది.

వాట్సాప్ గ్రూపుల తీరు వేరు. అక్కడ వరుసక్రమం లేదు, వచ్చిందంతా అందరికీ చేరుతుంది. 2022లో గ్రూపు పరిమితి 1,024 మందికి పెరిగింది. సమావేశం ముగియగానే "అందరం టచ్‌లో ఉందాం" అని పుట్టే గ్రూపు మొదటి వారం పరిచయాలతో, రెండో వారం ప్రకటనలతో, మూడో వారం శుభోదయాలతో నిండుతుంది. నాలుగో వారానికి సగం మంది మ్యూట్‌లో పెట్టేసి ఉంటారు. అడగకుండా చేర్చడం మీద చిరాకు ఎంత పెరిగిందంటే, తమను గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చో నిర్ణయించుకునే సెట్టింగును వాట్సాప్ 2019లో తెచ్చింది.

మనిషి బుర్రకే ఒక హద్దుందన్న వాదన ఇక్కడ తరచూ వినబడుతుంది. బ్రిటిష్ మానవశాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ 1990ల ఆరంభంలో కోతిజాతుల మెదడు పరిమాణాన్నీ గుంపు పరిమాణాన్నీ పోల్చి, మనిషి నిలకడగా నెరపగల సంబంధాలు సుమారు 150 అన్నారు. ఆ పద్ధతితో అంత కచ్చితమైన అంకె తేలదని 2021లో స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. అంకె మీద తగవున్నా, వెయ్యి మందితో ఒకేలా ఉండలేమన్నది ఎవరూ కాదనరు.

యాప్‌ల తరఫున చెప్పుకోవాల్సిన బలమైన పాయింటు ఒకటుంది, దాన్ని సమావేశాల వీరాభిమానులు కూడా ఒప్పుకుంటారు. 2011లో డేనియల్ లెవిన్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి కొంతమంది ఎగ్జిక్యూటివ్‌లను ఒక పని చేయమన్నారు. ఒకప్పుడు బాగా తెలిసి, కొన్నేళ్లుగా మాటల్లేని పాత పరిచయస్తులను పలకరించి, తాము చేస్తున్న పని మీద సలహా అడగమన్నారు. అలా వచ్చిన సలహాలు రోజూ కలిసేవాళ్ల సలహాలకు తీసిపోలేదు, పైగా కొత్తదనం ఎక్కువ. ఆ ఏళ్లలో వాళ్లు వేరే చోట్ల తిరిగి వచ్చారు కాబట్టి కబురు కొత్తది, పాత స్నేహం కాబట్టి నమ్మకం మాత్రం పాతది. పరపతి లెక్కలో ఇది మూలన పడి ఉన్న పొదుపు ఖాతా లాంటిది. పదేళ్ల కిందటి సహోద్యోగి ఇప్పుడెక్కడున్నాడో తెలుసుకోవడానికి ప్రొఫైల్‌ను మించిన సాధనం లేదు.

## మెట్ల దగ్గర మాట ఎటు పోయిందంటే

మళ్లీ ఆ కార్డు దగ్గరికొస్తాను. నేను ప్రింటింగ్ మనిషిని కాను, ఆ రోజు ఆయనకు "అయ్యో" అనడం తప్ప ఏమీ చెప్పలేకపోయాను. కొన్ని నెలల తర్వాత, ముఖపరిచయం మాత్రమే ఉన్న ఒక ప్రెస్ యజమాని పోస్టు కంటపడింది. ఇంక్‌జెట్‌లో డై ఇంకు నీళ్లు తగిలితే కరిగి పారుతుందని, పిగ్మెంట్ ఇంకు అంత తేలిగ్గా కదలదని, రెసిన్ రిబ్బన్‌తో థర్మల్ ట్రాన్స్‌ఫర్ పద్ధతిలో వేస్తే ఇంకా గట్టిగా నిలుస్తుందని, తడిపిన మూడు లేబుళ్ల ఫోటోతో సహా పెట్టారు. దానికి పెద్దగా లైకులు కూడా లేవు. కట్టలోంచి కార్డు తీసి ఆయనకు మెసేజ్ పెట్టాను. "ఈ పోస్టు చూడండి. వీరి పని నేను స్వయంగా చూడలేదు, నమూనా తెప్పించుకుని తడిపి చూసుకోండి."

ఆ రెండో వాక్యం మర్యాద కోసం రాసింది కాదు. నేను ఇస్తున్నది కబురే గానీ పూచీ కాదని ఇద్దరికీ తెలియడానికి రాసింది. అది లేకపోతే నా మెసేజ్ చూసినాయన దాన్ని సిఫార్సుగానే తీసుకునేవారు, రంగు మళ్లీ కారితే తిట్టు నాకూ తగిలేది.

ఈ చిన్న సంగతిలో అవసరం తెలిసింది గదిలో. పరిష్కారం తెలిసింది ఫోన్‌లో. రెండిటినీ కలిపింది కార్డు వెనక రాసుకున్న ఆరు మాటలు. అదే ఆయన లక్షల లేబుళ్ల ఆర్డరు ఇవ్వబోతూ "ఎవరిని నమ్మొచ్చో చెప్పండి" అని అడిగి ఉంటే, నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రెస్‌లో ఇదివరకు పని చేయించుకున్న మనిషి పేరు చెప్పడం తప్ప నేనేమీ చేయలేను. ఆ మనిషి ప్రొఫైల్‌లో కనబడవచ్చు, ఆ మనిషి మాట మాత్రం ఫోన్ చేసి వినాల్సిందే.

ఇదంతా ఎంత లాభం తెచ్చిందని కొలవడం కష్టం. జర్మనీలో హాన్స్-గియోర్గ్ వోల్ఫ్, క్లాస్ మోజర్ అనే పరిశోధకులు ఉద్యోగులను కొన్నేళ్ల పాటు గమనించి, నెట్‌వర్కింగ్ ఎక్కువగా చేసేవాళ్ల జీతాలు త్వరగా పెరిగాయని 2009లో చూపించారు. అయితే పరిచయాలు పెంచుకునే స్వభావం ఉన్నవాళ్లకు ముందుకెళ్లే గుణాలు ఇంకా కొన్ని ఉండవచ్చు. ఏది దేనివల్ల జరిగిందో విడదీయడం తేలిక కాదు. "ఈ నెల ఎన్ని కార్డులు, ఎన్ని కనెక్షన్లు" అన్నది తేలిగ్గా లెక్కకొస్తుంది కాబట్టే అందరూ అదే లెక్కబెడతారు.

## తలుపు బయట నిలబడ్డవాళ్లు

పరిచయాలతో వ్యాపారం నడుస్తుందంటే, పరిచయాలు జరిగే చోటికి రానివ్వకపోవడం వ్యాపారాన్ని అడ్డుకోవడమే. ఈ మాట ఒకసారి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రోటరీ చాలాకాలం మగవాళ్ల సంస్థ. 1970ల చివర్లో కాలిఫోర్నియాలోని డ్వార్టే క్లబ్ ముగ్గురు మహిళలను చేర్చుకుంటే, అంతర్జాతీయ సంస్థ ఆ క్లబ్ గుర్తింపు రద్దుచేసింది. ఇది సన్నిహితుల సొంత కూటమి, ఎవరిని చేర్చుకోవాలో మా ఇష్టమన్నది సంస్థ వాదన. 1987లో కోర్టు ఒప్పుకోలేదు. రెండేళ్లకు రోటరీ తన నిబంధనను ప్రపంచమంతటా మార్చుకుంది.

నిబంధనలు పోయినా, తలుపులు వేరే రూపాల్లో మిగిలాయి. తెల్లవారుజామున జరిగే సమావేశానికి పిల్లల్ని బడికి పంపాల్సినవాళ్లు రాలేరు. చీకటి పడ్డాక జరిగేదానికి ఇంకొందరు రాలేరు. సభ్యత్వ రుసుము కొత్తగా వ్యాపారం పెట్టినవాళ్లకు బరువు. గుంపులో నోరు పెగలనివాళ్లు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు, ఊరికి దూరంగా ఉన్నవాళ్లు ఇలా ఎందరో. యాప్‌లు ఈ తలుపుల్లో చాలావాటిని తీసేశాయన్నది నిజం. రాత్రి పదకొండుకు తీరిక దొరికిన మనిషి కూడా అక్కడ మాట్లాడగలరు.

కానీ అక్కడా ద్వారపాలకుడున్నాడు, కాకపోతే కంటికి కనబడడు. ఎవరి పేరు ఎవరికి "మీకు తెలిసి ఉండవచ్చు" అని చూపించాలో నిర్ణయించేది ఒక లెక్క. ఉమ్మడి మిత్రులు ఎక్కువగా ఉన్నవాళ్లనే ఆ లెక్క ముందు చూపిస్తే, మన గుంపు మనకే మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. క్లబ్ నిరాకరిస్తే కనీసం నిరాకరించిందని తెలుస్తుంది, కోర్టుకైనా వెళ్లవచ్చు. చూపించని పేరు గురించి ఎవరికీ తెలియదు. పైన చెప్పిన లింక్డిన్ ప్రయోగం ఫలితాలు 2022లో బయటికొచ్చినప్పుడు విమర్శ వచ్చిందీ దీని మీదే. వాడుకరుల ఒప్పందంలో పరిశోధనకు అనుమతి ఉందన్నది కంపెనీ మాట. ఆ ఐదేళ్లలో కొందరికి ఉద్యోగం తెచ్చిపెట్టే పరిచయాలు ఎక్కువగా, కొందరికి తక్కువగా కనిపించాయి. తాము ఏ వైపు ఉన్నామో ఆ 2 కోట్ల మందిలో ఎవరికీ చెప్పలేదు.